ముందు ఇంకు, తరువాతే మొన

బొమ్మలు గీసే పెన్ను కొనడానికి అంగడికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మూత తీసి మొన ఎంత సన్నగా ఉందో చూస్తారు. అక్కడున్న చీటీ మీద రెండు గీతలు గీసి, సన్నగా పడితే మంచి పెన్నని కొనేస్తారు. నేను మాత్రం ముందు ఇంకు సంగతి తేల్చుకోమంటాను. మొన లావైతే గీత లావుగా పడుతుంది, సన్నమైతే సన్నగా పడుతుంది, అంతే. ఆ గీత మీద నీటిరంగు పూస్తే చెదురుతుందా, ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే ఏళ్లు గడిచినా నల్లగానే ఉంటుందా, పెన్సిలు చారలు చెరిపేటప్పుడు పెన్ను గీత కూడా పాలిపోతుందా, ఇవన్నీ ఇంకును బట్టి తేలే విషయాలు.

మాది హిందూపురం. పెళ్లయ్యాక బెంగళూరులో బొమ్మనహళ్లికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాం. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఆదివారం పూట మా హాల్లో చాపలు పరిచి చుట్టుపక్కల పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసేవాళ్ల పిల్లలూ, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్ల పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి సగం మాటలు తెలుగులోనే నడుస్తాయి. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు గుమ్మం దగ్గర నిలబడి అడిగే మాట ఒకటే: "ఏ పెన్ను కొనియ్యాలక్కా?" మంచి పెన్ను ఒకటి నూరు రూపాయలు దాటుతుంది. సెట్టు కొంటే ఆ ఇంటికి వారం కూరగాయల డబ్బు. అందుకే ఈ ప్రశ్నకు నేను తేలిగ్గా జవాబు చెప్పను.

ఫైన్‌లైనర్లనే ఈ సన్న మొన పెన్నులన్నీ పైకి ఒకేలా ఉంటాయి. లోపల పోసే ఇంకులు మాత్రం రెండు జాతులు. ఒకటి డై ఇంకు, రెండోది పిగ్మెంట్ ఇంకు. చక్కెర కలిపిన నీళ్లకూ ముగ్గుపిండి కలిపిన నీళ్లకూ ఎంత తేడా ఉందో ఈ రెంటికీ అంత తేడా ఉంది. డైలో రంగు పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. కాగితం మీద ఆరాక కూడా తడి తగిలితే చాలావరకు మళ్లీ కరుగుతుంది, ఎండ తగిలితే వెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా తేలుతుంటుంది. నల్ల ఇంకులో ఆ రేణువులు సాధారణంగా కార్బన్, అంటే ఒక రకం మసి. నీరు ఆవిరైపోయాక రేణువులు కాగితపు పీచులో చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. తరువాత నీళ్లు పోసినా లేవవు. కార్బన్ ఎండకు వెలవదు కాబట్టి నలుపు నలుపుగానే ఉంటుంది.

డై ఇంకు పెన్నులు పనికిరానివని కాదు. స్టెబిలో కంపెనీ 1977లో తెచ్చిన పాయింట్ 88 అనే 0.4 మిల్లీమీటర్ల పెన్ను ఇప్పటికీ రకరకాల రంగుల్లో వస్తోంది. నోట్సు రాసుకోవడానికీ, పటాల్లో గీతలు కొట్టడానికీ హాయిగా ఉంటుంది. దాంతో గీసిన బొమ్మ మీద నీటిరంగు కుంచె పెడితే మాత్రం గీతంతా రంగులో కలిసి మురికి పడుతుంది. అలా కావాలనే తడిపి నీడలు తెచ్చే చిత్రకారులూ ఉన్నారు, అదొక పద్ధతి. పిల్లవాడు రోజంతా కూర్చుని గీసిన బొమ్మ అనుకోకుండా అలా పాడైతే మాత్రం వాడి ముఖం చూడలేం.

పిగ్మెంట్ పెన్నుల్లో అందరికీ తెలిసిన పేరు పిగ్మా మైక్రాన్. జపాన్‌లో ఒసాకాకు చెందిన సకురా కంపెనీది. 1921లో క్రేయాన్లు చేయడంతో మొదలైన ఆ కంపెనీ 1982లో పిగ్మా ఇంకును తెచ్చింది. పిగ్మెంట్ రేణువులు అంత సన్నటి మొనలో అడ్డుపడకుండా దిగేలా నీటి ఇంకును తయారు చేయడమే అందులో గొప్పదనం. జర్మనీ నుంచి స్టెడ్లర్ పిగ్మెంట్ లైనర్, జపాన్ నుంచే యూని పిన్, కోపిక్ మల్టీలైనర్, ఫాబర్ కాస్టెల్ వాళ్ల పిట్ ఆర్టిస్ట్ పెన్, ఇవన్నీ ఇదే కోవలోవి. కొనేటప్పుడు పెన్ను ఒంటి మీద పిగ్మెంట్, వాటర్‌ప్రూఫ్, ఫేడ్‌ప్రూఫ్ లేదా లైట్‌ఫాస్ట్ అనే మాటలున్నాయేమో చూడండి. పిగ్మెంట్ అన్న మాట లేకుండా ఊరికే ఫైన్‌లైనర్ అని ఉంటే అది డై అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇంటికి తెచ్చాక పరీక్ష చేసుకోవడం తేలిక. మా పిల్లలతో మొదట చేయించేది ఇదే. రంగులు వేసే కాగితం ముక్క మీద ఒక్కో పెన్నుతో మూడు గీతలు పక్కపక్కన గీసి, కింద పెన్ను పేరు రాయిస్తాను. మొదటి గీత మీద వెంటనే తడి కుంచె లాగాలి. రెండోదాని మీద ఐదు నిమిషాలాగి, మూడోదాని మీద మర్నాడు. డై ఇంకైతే మూడు చోట్లా ఊదా రంగో నీలమో పక్కకు పాకుతుంది. నల్ల ఇంకులో దాక్కున్న రంగులు అలా బయటపడటం పిల్లలకు భలే వింత. పిగ్మెంట్ అయితే మొదటి గీత కాస్త మసకబారవచ్చు, రెండోదీ మూడోదీ చెక్కుచెదరవు. ఎండ పరీక్షకు ఇంకో ముక్క మీద గీతలు గీసి, సగం భాగాన్ని అట్టతో కప్పి కిటికీ అద్దానికి అంటించి కొన్ని నెలలు వదిలేయాలి. అట్ట తీశాక రెండు సగాలూ ఒకేలా ఉంటే ఆ ఇంకును నమ్మవచ్చు.

ఈ నలుపు పట్టింపు బొమ్మలేసేవాళ్లకు కొత్తగా వచ్చింది కాదు. వెనకటి పత్రికల్లో బొమ్మను జింకు పలక మీద బ్లాకు చేసి అచ్చువేసేవారు. లైన్ బ్లాకులో ఉంటే నలుపుండాలి, లేకపోతే తెలుపుండాలి, మధ్యలో బూడిద రంగుకు చోటు లేదు. నీడ కావాలంటే గీతలు పక్కపక్కన పేర్చో, చుక్కలు పెట్టో కంటికి నీడ అనిపించాలి. అందుకే ముంచి రాసే పాళీ, కుంచె, చిక్కటి డ్రాయింగ్ ఇంకు చిత్రకారుడి బల్ల మీద తప్పనిసరి సరంజామా అయ్యాయి. మన వారపత్రికల కథల బొమ్మలు ఆ నలుపూ తెలుపుల్లోనే పెరిగాయి. బాపు గీత, చంద్ర గీత, మోహన్ గీత దేనికది సంతకం చూడకుండానే గుర్తుపట్టేలా తయారైంది అక్కడే.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. బాపు గీతలు చూసి ఇలా గీయాలని ఫైన్‌లైనర్ కొనుక్కునే పిల్లలున్నారు. ఆయన గీత మొదలైన చోట సన్నగా ఉండి, జడ మలుపు దగ్గరో చీర కుచ్చెళ్ల దగ్గరో ఒళ్లు చేసి, చివర మళ్లీ సన్నబడుతుంది. ఫైన్‌లైనర్ గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. ఎంత సాధన చేసినా ఆ పెన్నుతో ఆ వంపు రాదు, లోపం పిల్లవాడి చేతిది కాదు. ఆ గీత కావాలంటే ముంచి రాసే పాళీ అయినా పట్టాలి, కుంచె అయినా పట్టాలి. అంత సరంజామా వద్దనుకుంటే బ్రష్ పెన్ను ఉంది. సకురా, ఫాబర్ కాస్టెల్ వాళ్లు మెత్తటి మొనతో చేస్తారు, పెంటెల్ పాకెట్ బ్రష్ పెన్నుకు నిజం కుంచెలాగే నైలాన్ వెంట్రుకలుంటాయి. ఫైన్‌లైనర్ బలం వేరే చోట ఉంది. భవనాలు, యంత్రాలు, ఆకుల ఈనెలు, పురుగుల రెక్కలు, పటాలు, దగ్గరదగ్గరగా పేర్చే నీడ గీతలు, వీటిల్లో ఆ ఒకే లావే మేలు చేస్తుంది.

ఒకే లావు గీత అవసరం మొదట బాగా పడింది ఇంజనీర్లకూ ఆర్కిటెక్టులకూ. జర్మనీలో రోట్రింగ్ కంపెనీ 1953లో రాపిడోగ్రాఫ్ అనే టెక్నికల్ పెన్ను తెచ్చింది. సన్నటి లోహపు గొట్టం, దాని లోపల ఇంకా సన్నటి తీగ, పైన ఇంకు డబ్బా. కంప్యూటర్లు రాకముందు ప్లాన్లన్నీ ట్రేసింగ్ కాగితం మీద ఈ తరహా పెన్నులతో గీసేవారు. ఆ పెన్నుల కొలతలు 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 అని విచిత్రంగా ఉంటాయి. ఒక్కోటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఏ1 కాగితం మీది ప్లానును ఏ2కు తగ్గిస్తే 0.5 గీత సరిగ్గా 0.35 అవుతుంది, ఆ పెన్నుతోనే తగ్గించిన ప్రతి మీద దిద్దుబాట్లు చేసుకోవచ్చు. ఎంత ముందుచూపుతో పెట్టిన లెక్కో!

ఆ గొట్టపు పెన్నును కడగాలి, నింపాలి, నిటారుగా పట్టాలి, కింద పడితే మొన పోతుంది. 0.2 కంటే సన్నటి మొనల్లో ఆ తీగను బయటికి లాగితే వంగిపోయి మళ్లీ లోపలికి దూరడం కష్టం. టోక్యోలో పెంటెల్ కంపెనీ 1963లో పీచు మొనతో సైన్ పెన్ను అమ్మకానికి పెట్టింది. పీచు మొన ఇంకును తనంతట తానే పీల్చుకుని కాగితానికి అందిస్తుంది, కడిగే పని లేదు. ఇప్పటి ఫైన్‌లైనర్ కూడా పీచు మొన జాతిదే. మూత తీసి భూతద్దం పెట్టి చూడండి. చిన్న లోహపు గొట్టం చివర ప్లాస్టిక్ మొన రవ్వంత బయటికి ఉంటుంది. ఆ రవ్వంతే పెన్ను ప్రాణం. గట్టిగా నొక్కితే అది లోపలికి పోతుంది, లేదా అంచులు విచ్చుకుంటాయి. అప్పుడు గొట్టం కాగితాన్ని గీకుతుంది, సన్న పెన్ను లావు పెన్నులా గీస్తుంది. నొక్కి రాసే అలవాటున్న పిల్లలకు సన్న మొనలు ఇవ్వకండి. వాళ్లకు నేను యూనిబాల్ ఐ ఇస్తాను. దాని మొనలో చిన్న గుండు తిరుగుతుంది, నొక్కినా అంత తేలిగ్గా చెడిపోదు. ఇంకు పిగ్మెంటే, నీళ్లకు కరగదు. పెద్ద ఆర్ట్ అంగడికి పోనక్కర్లేదు, పుస్తకాల అంగళ్లలోనే దొరుకుతుంది.

అంకెల దగ్గర చాలామంది తికమకపడతారు. మైక్రాన్ మీద 01 అని ఉంటే 0.1 మిల్లీమీటరు అనుకుంటారు. దాని గీత 0.25. మైక్రాన్ 005 అంటే 0.20, 03 అంటే 0.35, 05 అంటే 0.45, 08 అంటే 0.50. 05కూ 08కీ మధ్య తేడా ఎంత కొంచెమో చూశారా? ఆ రెండూ కొనడం డబ్బు దండగ. స్టెడ్లర్ పిగ్మెంట్ లైనర్ మీద మాత్రం కొలత మిల్లీమీటర్లలోనే ఉంటుంది, అక్కడ 0.1 అంటే 0.1. ఒక కంపెనీ 01 వాడి అలవాటైన చేయి ఇంకో కంపెనీ 0.1 పట్టుకుంటే గీత సగానికి సగం సన్నబడుతుంది. కాగితాన్ని బట్టి కూడా మారుతుంది. ఇంకు పీల్చే కాగితం మీద ఏ గీతైనా లావెక్కుతుంది.

కాగితం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మంచి పెన్నుకు డబ్బు పెట్టి జెరాక్స్ కాగితం మీద గీయడం నాకు నచ్చదు. పల్చటి కాగితం మీద గీత అంచులకు మీసాలొస్తాయి, వెనక్కి దిగుతుంది. నున్నటి కార్ట్‌రిడ్జ్ కాగితమో, బ్రిస్టల్ బోర్డో పెన్నుకు తగినది. తరువాత నీటిరంగు వేయాలంటే హాట్ ప్రెస్డ్ అని రాసి ఉన్న నున్నటి వాటర్‌కలర్ కాగితం తీసుకోవాలి. గరుకు చేతికాగితం చూడ్డానికి అందంగా ఉంటుంది, సన్న మొనను మాత్రం అరగదీస్తుంది. మైనపు క్రేయాను, కలర్ పెన్సిలు వేసిన చోట పిగ్మెంట్ పెన్ను అసలు నడపకండి. మైనం మొనలోకి ఎక్కితే ఇంకు ఆగిపోతుంది.

పెన్సిలుతో ముందు బొమ్మ వేసుకునేటప్పుడు చెయ్యి తేలిగ్గా పెట్టాలి. మందంగా పడిన పెన్సిలు మీద ఇంకు కాగితానికి అంటదు, రబ్బరు పెట్టగానే గ్రాఫైటుతో పాటు లేచిపోతుంది. నల్లటి గీత బూడిద రంగుకు తిరగడానికి కారణం అదే. ఆరే వరకు ఆగడం కూడా ముఖ్యం. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, ఇంకు గబగబా ఆరుతుంది. అదే పెన్ను విశాఖపట్నంలోనో, ఇక్కడే వానాకాలంలోనో వాడితే కాగితం చెమ్మగా ఉండి ఆలస్యమవుతుంది. ఎడమచేతి వాటం పిల్లలు కుడి వైపు నుంచి మొదలుపెడితే చెయ్యి తడి గీత మీద పడదు. ఆల్కహాల్ మార్కర్లతో రంగులు వేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నీళ్లకు నిలిచే ఇంకు ఆల్కహాల్‌కు నిలవాలని లేదు. మార్కర్లు చేసే కోపిక్ వాళ్లు మల్టీలైనర్ చేసింది అందుకోసమే.

ఇన్ని మొనలు ఎందుకని అడిగేవాళ్లను నేను హోసూరు రోడ్డు దగ్గరకు తీసుకెళతాను. బొమ్మనహళ్లిలో నిలబడి తల ఎత్తితే ఎలక్ట్రానిక్ సిటీకి పోయే పైవంతెన కనిపిస్తుంది, 2010లో తెరిచారు. దాని పక్కనే మెట్రో ఎల్లో లైన్, 2025 ఆగస్టులో మొదలైంది. కింద బస్సులు, ఆటోలు, పూలబండి, ఫ్యాక్టరీ వదిలాక క్యారియర్ సంచులతో గుంపులుగా నడిచే ఆడవాళ్లు. ఇదంతా ఒకే మొనతో గీస్తే బొమ్మ చిక్కుపడిన దారంలా తయారవుతుంది, ఏది దగ్గరో ఏది దూరమో తెలియదు. నేనైతే దగ్గరున్న స్తంభం అంచును 08తో గీస్తాను. నడిచేవాళ్లనూ పూలబండినీ 03తో. దూరంగా పోయే మెట్రో పట్టాలు, కరెంటు తీగలు, మేడల మీద నీళ్ల ట్యాంకులు 005తో. వంతెన కింద నీడకు 01 పట్టి నిలువు గీతలు ఒకే దిశలో పేరుస్తాను. స్తంభానికి దగ్గరయ్యేకొద్దీ సందు తగ్గిస్తాను, బాగా చీకటిగా ఉన్న మూలలో వాటి మీద ఏటవాలుగా ఇంకో వరుస. పూర్తి నలుపు కావలసిన చోట సన్న పెన్నుతో గీకి గీకి నింపను. ఇంకు వృథా, మొన అరుగుతుంది, పైగా నలుపు చారలుగా వస్తుంది. అక్కడ బ్రష్ పెన్నే పట్టాలి.

అచ్చుకు ఇచ్చే బొమ్మలకు ఇంకో లెక్క కూడా ఉంది. బొమ్మను పెద్దగా గీసి అచ్చులో తగ్గిస్తే చిన్న వణుకులు కనిపించవు, గీత పదునెక్కుతుంది. సగానికి తగ్గిస్తే గీత లావు కూడా సగమే. 0.2 గీత 0.1 అవుతుంది, పత్రిక కాగితం మీద అది తెగిపోవచ్చు. అందుకే అచ్చు సైజుకు ఒకటిన్నర రెట్లు పెద్దగా గీస్తాను, 01 కంటే సన్నం వాడను. స్కాన్ చేసేటప్పుడు కనీసం 600 డీపీఐ పెట్టుకోవాలి.

కొనడానికి మేం చిక్కపేట మెట్రో స్టేషన్లో దిగి అవెన్యూ రోడ్డుకు పోతాం. పుస్తకాలకూ స్టేషనరీకీ అది పాత బజారు. బొమ్మనహళ్లిలో ఎల్లో లైన్ ఎక్కి ఆర్‌వీ రోడ్డులో గ్రీన్ లైన్‌కు మారితే చాలు. అంగట్లో పెన్ను చూపించమని అడిగి కాగితం మీద గీసి చూడండి. ఎన్నాళ్లనుంచో అలమరలో ఉన్న సరుకైతే గీత మధ్యలో తెగుతుంది. ఏటా జనవరి మొదట్లో ఒక ఆదివారం కర్ణాటక చిత్రకళా పరిషత్తు ముందు కుమారకృపా రోడ్డు పొడవునా చిత్రసంతె జరుగుతుంది. అక్కడ కలం గీతల బొమ్మలు అమ్మేవాళ్లను ఏ పెన్ను, ఏ కాగితం అని అడగండి, ఓపిగ్గా చెబుతారు. ఎంజీ రోడ్డు పక్కన ట్రినిటీ సర్కిల్ దగ్గర ఇండియన్ కార్టూన్ గ్యాలరీ ఉంది. పిల్లలకు గీతలు చూపించడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

వాడిన వెంటనే మూత టక్కుమనే దాకా పెట్టాలి. స్టెడ్లర్ వాళ్లు మూత లేకుండా 18 గంటలు ఉన్నా ఆరదని చెబుతారు, అయినా ఆ పరీక్ష మనకెందుకు? పెన్నులను పడుకోబెట్టి ఉంచండి. రోజూ గీసేవాళ్లు ఇంకు అయిపోగానే పారేసే ప్లాస్టిక్ గురించి కూడా ఆలోచించాలి. కోపిక్ మల్టీలైనర్ ఎస్‌పీకి అల్యూమినియం ఒళ్లు ఉంటుంది, ఇంకూ మొనా విడిగా మార్చుకోవచ్చు. మొదట ఖరీదు ఎక్కువే, వాడకం ఉన్నవాళ్లకు గిట్టుబాటు అవుతుంది. సీసాలో వచ్చే వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకును ముంచి రాసే పాళీతో వాడితే ఇంకా చవక. ఆ ఇంకును ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి. అది లోపల ఎండి గట్టిపడితే ఇంట్లో తాతగారి రాజమండ్రి రత్నం పెన్ను అయినా సరే పాడవుతుంది.

ఇక తల్లులు అడిగే ప్రశ్నకు నా జవాబు. పన్నెండు పెన్నుల సెట్టు కొనకండి. బొమ్మలు మొదలుపెట్టిన పిల్లకు మైక్రాన్ 03 లేదా స్టెడ్లర్ 0.3, ఏదో ఒకటి, ఒక్కటే కొనివ్వండి. దాంతో పాటు నున్నటి కాగితపు పుస్తకం ఒకటి. ఆ పెన్ను ఇంకు పూర్తయ్యేదాకా గీస్తే, తరువాత 01 కావాలో 08 కావాలో ఆ పిల్లే చెబుతుంది. చెయ్యి బరువైన పిల్లలకు యూనిబాల్ ఐ చాలు. గీసిన ప్రతి బొమ్మ వెనకా పెన్ను పేరు, కాగితం పేరు, తేదీ రాయించండి.